స్పిరిట్‌ఫేరర్ ఆట: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చిపోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఒంగోలు నుంచి ఫోన్ చేసే స్నేహితులు ఈ ఆట గురించి దాదాపు ఇవే అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. కథ ముందే తెలిసిపోకూడదు అనుకునేవాళ్లు "కథ బయటపడుతుంది" అని రాసిన చోట్లు వదిలేయండి.

అసలిది ఏం ఆట?

స్టెల్లా అనే అమ్మాయి, డాఫొడిల్ అనే ఆమె పిల్లి. గ్రీకు పురాణాల్లో చనిపోయినవాళ్లను నది దాటించే కేరన్ అనే పడవవాడు ఉంటాడు. ఆట మొదలవగానే ఆయన తన పని స్టెల్లాకు అప్పగించి సెలవు తీసుకుంటాడు. అప్పటినుంచి పడవ ఆమెది, బాధ్యతా ఆమెదే. సముద్రంలో దీవి దీవికీ తిరుగుతూ, ప్రాణం పోయినా ఇంకా దాటిపోలేకుండా ఉన్నవాళ్లను ఎక్కించుకోవాలి. మొదట ముసుగు కప్పుకున్న నీడల్లా ఉంటారు. పడవ ఎక్కాక ఒకరు జింక, ఒకరు కప్ప, ఒకరు పాము, ఒకరు సింహం రూపంలోకి వస్తారు. వాళ్లకు పడవ మీదే ఇల్లు కట్టాలి, వండిపెట్టాలి, చెప్పుకునేది వినాలి, దగ్గరికి తీసుకోవాలి. "ఇక పోయొస్తా" అన్న రోజున ఎవర్‌డోర్ అనే ద్వారం దగ్గరికి చిన్న పడవలో తీసుకెళ్లి సాగనంపాలి.

తయారుచేసింది కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన థండర్ లోటస్ గేమ్స్. 2015లో జోటున్, 2017లో సండర్డ్ చేసింది వీళ్లే. ఆ రెండూ కొట్లాట ఆటలు. ఇందులో కొట్లాట ఒక్కటీ లేదు. 2020 ఆగస్టు 18న విడుదలైంది. దర్శకత్వం నికొలా గెరాన్, సంగీతం మ్యాక్స్ ఎల్ఎల్. బొమ్మల కదలిక అంతా చేత్తో గీసినదే. కౌగిలించుకునేటప్పుడు ఒక్కో మనిషి ఒక్కోలా వంగడం, ఒదగడం చూస్తే ఆ శ్రమ తెలుస్తుంది.

"చావు ఆట ఇంట్లో ఎందుకు" అంటోంది మా అమ్మ. ఏం చెప్పాలి?

ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి గంట ఆడి చూపించండి. రక్తం లేదు, దెయ్యాలు లేవు, ఉలిక్కిపడేలా చేసే అరుపులు లేవు. పొద్దుపొడుపు, పొయ్యి మీద వంట, పాదుల్లో మొక్కలు, వెనకనుంచి గాలం వేస్తే తగిలే చేపలు కనిపిస్తాయి. చాలామంది అమ్మలకు మొక్కల దగ్గరే అభ్యంతరం కరిగిపోతుంది.

ఇంకొక మాట కూడా చెప్పొచ్చు. మన వైపు చావును దాచిపెట్టే అలవాటు లేదు. నెల్లూరులో బోడిగాడితోటకు పోయే ఊరేగింపు నడివీధిలోంచే పోతుంది. డప్పులుంటాయి, పూలు చల్లుతారు, నిండు వయసులో పోయినవాళ్లయితే "పిల్లల్నీ మనవల్నీ చూసుకునే పోయిందిలే" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. పిల్లలు అరుగుల మీద నిలబడి ఇదంతా చూస్తూనే ఉంటారు. చూస్తారు గానీ అడగరు, అడిగినా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఈ ఆట ఆడేటప్పుడు ఆ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. అందుకే ఇంట్లో ఉండాలంటాను.

ఓడిపోతే మళ్లీ మొదటినుంచి ఆడాలా?

ఓడిపోవడం అన్నదే లేదు. గడువులు లేవు, స్టెల్లా చనిపోదు. పడవలో ఉన్నవాళ్లు ఆకలేస్తే అలుగుతారు, అంతే. కొన్ని చోట్ల ఎగరడం, దూకడం, తాళ్ల మీద జారడం ఉంటుంది. చేతికి అలవాటు లేనివాళ్లకు మొదట్లో కొంచెం చికాకు, తర్వాత అదే సరదా. కథంతా చూడాలంటే పాతిక ముప్ఫై గంటలు పట్టొచ్చు. వేసవి సెలవులకు సరిపోతుంది, ఒక్క ఆదివారంలో అయిపోదు.

దేంట్లో ఆడొచ్చు? తెలుగులో ఉందా?

కంప్యూటర్, నింటెండో స్విచ్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్. 2021 డిసెంబరులో వచ్చిన ఫేర్‌వెల్ ఎడిషన్‌లో తర్వాత చేర్చిన పాత్రలు కూడా ఉన్నాయి కాబట్టి అదే తీసుకోండి. తెలుగులో లేదు. మాటలు వినిపించవు, అన్నీ తెర మీద అక్షరాలుగానే వస్తాయి. ఇంటర్ చదివిన పిల్లలకు ఆ ఇంగ్లీషు కష్టం కాదు.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో కలిసి ఆడొచ్చా?

ఆడాలి. నా మటుకు ఈ ఆట ఆడే అసలు పద్ధతి అదే. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు రెండోవారు పిల్లి డాఫొడిల్‌గా ఉంటారు. పిల్లి కూడా చేపలు పడుతుంది, వంట చేస్తుంది, చెట్లు కొడుతుంది. ఒకరు తెర మీది మాటలు చదివి మన భాషలో చెప్తూ ఉంటే రెండోవారు పిల్లిని నడపొచ్చు. గ్వెన్ అనే జింక దర్జాగా, కొంచెం విసురుగా మాట్లాడుతుంది. ఆమె మాటల్ని నెల్లూరు యాసలోకి మార్చి చదివితే ఎంత బాగా కుదురుతాయో.

ఇంకో లాభం కూడా ఉంది. మా వీధిలో ఒక పెద్దావిడ బటన్లు పట్టుకోదు, కుర్చీలో కూర్చుని చూస్తుంది. స్టాన్లీ అనే పిల్లవాడు పడవ ఎక్కిన దగ్గర్నుంచీ, వచ్చినప్పుడల్లా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "ఆ బిడ్డకేమన్నా పెట్టినారా లేదా?" అలా చూసేవాళ్లు ఒకరుంటే ఆట బరువు పెరుగుతుంది.

సగం ఆట వంటే అనిపిస్తోంది. ఎందుకంత వంట?

ఈ ప్రశ్నకు నేను ఎంతసేపైనా చెప్తాను.

పడవలో ప్రతి మనిషికీ ఒక ఇష్టమైన వంటకం ఉంటుంది, ససేమిరా ముట్టనివీ ఉంటాయి. వరసగా రెండుసార్లు ఒకటే పెడితే తినరు. ఎవరికి ఏది ఇష్టమో కొందరు చెప్తారు, చాలామంది చెప్పరు. పెట్టి చూడాలి, మొహం చూడాలి, గుర్తుపెట్టుకోవాలి. గ్వెన్‌కు పాలు లేని కాఫీ కావాలి. స్టాన్లీకి వేయించిన బంగాళదుంప ముక్కలు. అతుల్ అనే కప్ప తిండిపుష్టి ఉన్నవాడు, తింటుంటే చూడముచ్చటగా ఉంటాడు. వాళ్లకు నచ్చింది దొరికిందాకా మీరు తోట వేస్తూ, చేపలు పడుతూ, పిండి విసురుతూ తిరుగుతూనే ఉంటారు.

కొందరు ఆటగాళ్లకు ఇదంతా అసలు కథకు అడ్డంపడే చాకిరీ. నాకు ఇదే అసలు కథ. మన ఇళ్లలో తద్దినం రోజున జరిగేది ఏమిటి? పోయినవాళ్లకు ఇష్టమైనవి వండుతారు. పెన్న ఒడ్డున పెద్ద దినం నాడు పిండం పెట్టి అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి వాలి, చుట్టూ తిరిగి, ముట్టకుండా లేచిపోతే అక్కడున్నవాళ్లలో కలవరం మొదలవుతుంది. "చుట్ట పెట్టినారా?" అంటారొకరు. "ఆయనకు గారెలంటే ప్రాణం, గారెలేవీ?" అంటారు ఇంకొకరు. చివరికి కొడుకో అల్లుడో ముందుకొచ్చి "చిన్నదాని పెళ్లి మేం చేస్తాం, నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అని పైకే చెప్తాడు. ఆ చర్చ అంతా పోయిన మనిషి గురించి ఆ ఇంట్లో ఎవరికి ఏం తెలుసో బయటపెట్టే చర్చ. భార్యకు తెలిసింది చెల్లెలికి తెలియదు, చెల్లెలికి తెలిసింది కొడుకుకు తెలియదు. అందరూ కలిస్తే గానీ ఆ మనిషి పూర్తి కాడు.

స్పిరిట్‌ఫేరర్ ఆడిన గంటల్లో ఎక్కువ భాగం అలాంటి కలబోతే. ఆడుతున్నప్పుడు మీకు మీ ఇంట్లోవాళ్లు గుర్తొస్తారు. మా ఇంట్లో చేపల పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేయాలో కచ్చితంగా తెలిసిన మనిషి ఒకరే ఉండేవారు. మేమెవరం అడిగి రాసుకోలేదు, ఆ పులుసు ఇప్పుడు ఎవరు చేసినా దగ్గరదాకా వచ్చి ఆగిపోతుంది. ఆస్తి పంపకాలకు కాగితాలుంటాయి. ఇలాంటివాటికి ఉండవు.

కథ బయటపడుతుంది: అతుల్ కనిపించడం లేదు. ఆట పాడైందా?

పాడవలేదు. వెతక్కండి, దొరకడు. ఇది అన్నింటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, ఫోన్ చేసి మరీ అడుగుతారు.

మిగతావాళ్లు మీకు చెప్పి వెళ్తారు. ఎవర్‌డోర్ దాకా పడవలో మీ ఎదురుగా కూర్చుని, బతుకంతా తిరగేసి, చివరిసారి కౌగిలించుకుని వెలుగై పైకి పోతారు. తర్వాత ఆకాశంలో వాళ్ల ఆకారంలో చుక్కలు కనిపిస్తాయి. అతుల్ స్టెల్లాకు చిన్నాన్న వరస మనిషి, ఎప్పుడూ నవ్వుతూ సుత్తి పట్టుకుని ఏదో ఒకటి బాగుచేస్తూ తిరిగేవాడు. అందరితో కలిసి భోజనం చేయాలని ఆశపడతాడు. ఆ విందు జరుగుతుంది. తర్వాత ఒక పొద్దున ఆయన గది ఖాళీగా ఉంటుంది, లోపల ఒక పువ్వు మాత్రం ఉంటుంది. వీడ్కోలు లేదు, ఎవర్‌డోర్ లేదు.

కోపం వస్తుంది. రావాలి. చాలా చావులు ఇలాగే ఉంటాయి, రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవడు. చెప్పి పోయేవాళ్ల కథలు పదింటి మధ్య ఒక్క మనిషిని చెప్పకుండా పంపించడం ఈ ఆట చేసిన అత్యంత నిజాయితీ గల పని అని నా అభిప్రాయం.

ఈ ఆట వచ్చిన కాలం కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో బయటపడింది నెల్లూరులోనే. ఆగస్టులో ఈ ఆట విడుదలయ్యేనాటికి మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో మనుషులు ఆసుపత్రికి నడిచి వెళ్లి తిరిగి రాలేదో అందరికీ తెలుసు. మా పెదనాన్నను చివరిసారి చూడటం మాకు కుదరలేదు. పాడె మోయాల్సినవాళ్లు ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న రోజులవి. దినాలు ఫోన్లో జరిగాయి. ఆ తర్వాత అతుల్ గది తలుపు తీసినప్పుడు నేను చాలాసేపు ఆటను ముందుకు నడపలేదు.

మాంట్రియల్‌లో కూర్చుని ఈ ఆట చేస్తున్నవాళ్లకు ఆ రోగం సంగతి ముందుగా తెలిసే వీలు లేదు. వాళ్లు తమ సొంత చుట్టాలను, స్నేహితులను తలుచుకుని పాత్రలను రాశారు. బహుశా అందుకే మనకూ తగిలింది.

కథ బయటపడుతుంది: ఆలిస్ నన్ను వేరే పేరుతో పిలుస్తోంది. ఏం చేయాలి?

ఆ పేరుతోనే పలకండి. ఆలిస్ ముళ్లపంది రూపంలో ఉండే ముసలావిడ. మొదట్లో చలాకీగా గొర్రెలు పెంచుతుంది, అది చేద్దాం ఇది చేద్దాం అంటుంది. మెల్లగా మతిమరుపు కమ్ముతుంది. స్టెల్లాను తన కూతురు ఆనీ అనుకుంటుంది, బట్టలు మార్చుకు రమ్మంటుంది. తర్వాత ఒంటరిగా నడవలేదు. చెయ్యి పట్టుకుని పడవ ముందు కొస దాకా తీసుకెళ్లాలి, మళ్లీ వెనక్కి తీసుకురావాలి. మీరెంత వేగంగా పరుగెత్తగలిగినా ఆమె పక్కన మాత్రం ఆమె అడుగుల లెక్కనే నడవాలి.

ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లను చూసుకుంటున్న కోడళ్లు, కూతుళ్లు ఈ భాగం చూసి ఏమీ మాట్లాడరు. "నేను ఆనీని కాదు" అని ఆమెను సరిదిద్దే అవకాశం ఆట మీకు ఇవ్వదు. ఇవ్వకపోవడమే మంచిది.

పోయినవాళ్ల ఇళ్లు తీసేయొచ్చా? పడవలో చోటు చాలడం లేదు.

తీసేయలేరు. అటూ ఇటూ జరపగలరు, ఒకదాని మీద ఒకటి పేర్చగలరు, అంతే. ఆట సగానికి వచ్చేసరికి మీ పడవ మీద ఖాళీ ఇళ్లే ఎక్కువ. వంటగదికి వెళ్లాలంటే ఒకరి గుమ్మం ముందునుంచి పోవాలి, మగ్గం దగ్గరికి పోవాలంటే ఇంకొకరి కప్పు ఎక్కాలి. దీన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. చోటు విషయంలో వాళ్లు చెప్పేది నిజమే, చివర్లో పడవ ఇరుకవుతుంది.

కానీ కందుకూరు చుట్టుపక్కల, కనిగిరి వైపు ఏ ఊరికి పోయినా తాళం వేసిన ఇళ్లు చూస్తాం. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఏడాదికోసారి వచ్చి తాళం తీసి, దుమ్ము దులిపి, గోడ మీద ఫోటోకు దండ మార్చి, మళ్లీ తాళం వేసి పోతారు. అమ్మడానికి చెయ్యి రాదు, ఉండటానికి వీలు కాదు. ఆ ఇళ్లను ఏం చేయాలో తెలియక ఊరంతా వాటిని చుట్టుకుని నడుస్తుంటుంది. ఈ పడవ నాకు అందుకే ఎరగనిదిగా అనిపించదు.

ఖాళీ అయిన ప్రతి ఇంట్లోనూ ఒక పువ్వు పూస్తుంది. దాన్ని కోసుకుంటే పడవను మెరుగుపరచుకోవడానికి పనికొస్తుంది. అంటే పోయినవాళ్లు వదిలింది బతికున్న పడవలోకి మేకులా దిగుతుంది. పువ్వు ఒక్కటే కాదు, పని కూడా వదిలిపోతారు. మొక్కలకు పాట వినిపిస్తే తొందరగా ఎదుగుతాయని సమ్మర్ అనే పాము నేర్పిస్తుంది. ఆమె వెళ్లిపోయాక కూడా స్టెల్లా తోటలో వాయిస్తూనే ఉంటుంది. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవాళ్లను పని ఎవరు నేర్పారని అడిగితే తండ్రి పేరో తాత పేరో చెప్తారు. ఆ పేరు చెంచా మీద ఉండదు, పట్టుకునే చేతిలో ఉంటుంది.

ఇందులో స్వర్గం, నరకం ఉన్నాయా? మన నమ్మకాలకు అడ్డం వస్తుందా?

లేవు. ఎవర్‌డోర్ అవతల ఏముందో ఆట చెప్పదు. పాపపుణ్యాల లెక్క తీసేవాళ్లూ లేరు. జొవానీ అనే సింహం భార్య ఆస్ట్రిడ్‌ను మోసం చేస్తూ బతికిన మనిషి, పడవ ఎక్కాక కూడా ఆ బుద్ధి పోదు. అతనికీ అన్నం పెట్టాలి, అతన్నీ సాగనంపాలి. పోయినవాళ్లంతా మంచివాళ్లయిపోయే ఆట కాదిది. మీకు వాళ్ల మీద కోపం ఉండొచ్చు, అయినా మీ పని మీరు చేస్తారు.

గ్రీకుల కథలో పడవవాడికి ఇవ్వడానికి చనిపోయినవాళ్ల నోట్లో నాణెం పెట్టేవాళ్లు, ఆటలో ఆ నాణేల పేరు కూడా అదే, ఓబల్. వైతరణి కథ విన్నవాళ్లకు ఈ నది, ఈ సుంకం కొత్త కాదు. క్రైస్తవుల ఇళ్లలో, ముస్లింల ఇళ్లలో ఆడిన పిల్లలూ నాకు తెలుసు, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అయినా మొహర్రం నాడు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే ఊరు మనది. బారాషహీద్ దర్గాలో ఉన్నవి పన్నెండు మంది అమరుల సమాధులు. అక్కడికి వచ్చేవాళ్లు ఉద్యోగం కోసం, పెళ్లి కోసం, ఇంటి కోసం మొక్కుకుని రొట్టె తీసుకుంటారు, కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. పోయినవాళ్ల దగ్గర నిలబడి బతుకు గురించి మాట్లాడుకోవడం మనకు బాగా తెలిసిన సంగతే.

చిన్నపిల్లలు ఆడొచ్చా?

పదమూడు దాటినవాళ్లు తమంతట తాము ఆడొచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే పక్కన పెద్దవాళ్లు ఉండాలి, అదీ స్టాన్లీ వల్ల. అతను ఎనిమిదేళ్ల పిల్లవాడు, పుట్టగొడుగు ఆకారంలో ఉంటాడు, గోడల మీద బొమ్మలు గీస్తాడు. అతన్నీ ఎవర్‌డోర్‌కు తీసుకెళ్లాలి. చూస్తున్న పిల్లలు "వాడెందుకు పోవాలి?" అని అడుగుతారు. సిద్ధంగా ఉండండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు.

ఈమధ్యే ఇంట్లో మనిషి పోయారు. ఆడొచ్చా?

నెల కూడా కాకపోతే వద్దు. పెద్ద దినం అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. షామియానా, బియ్యం, కబుర్లు పంపడం, వచ్చినవాళ్లకు కాఫీలు, అస్థికలు కలపడం. ఆ పనులే మనిషిని నిలబెడతాయి. అసలు కష్టం చుట్టాలంతా వెళ్లిపోయాక మొదలవుతుంది, చేతులకు ఒక్కసారిగా పని ఉండదు. అప్పుడు ఈ ఆట కొందరికి మేలు చేయగలదు. రోజూ ఒక దీవి, ఒక వంట, ఒక పాదు. స్టెల్లా కూడా ఏడుస్తూ కూర్చోదు, నీళ్లు పోస్తుంది, నేత నేస్తుంది.

ఆట మందు కాదు. నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఆట పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ అది, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. దగ్గరివాళ్లకు కూడా చెప్పండి.

సమ్మర్ కథలో జబ్బు ఒక డ్రాగన్ రూపంలో వస్తుంది. క్యాన్సర్‌తో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ భాగం దగ్గర ఒంటరిగా ఉండకపోతే మేలు.

కథ బయటపడుతుంది: చివర ఏమవుతుంది? స్టెల్లా ఎవరు?

మధ్యమధ్యలో గ్రీకుల మృత్యులోకపు దేవుడు హేడిస్ పెద్ద గుడ్లగూబ రూపంలో కనిపించి మాట్లాడుతుంటాడు. ఆ మాటల్లోంచి ఒక్కో ముక్క తెలుస్తుంది. స్టెల్లా బతికున్నప్పుడు నర్సు, ఇక నయం కాని రోగులను చివరి రోజుల్లో చూసుకునే నర్సు. పడవ ఎక్కినవాళ్లలో కొందరు ఆమె సొంతవాళ్లు, కొందరు ఆమె చేతుల్లో పోయిన రోగులు. ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. 2021లో చేర్చిన లిలీ భాగం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, లిలీ స్టెల్లా చెల్లెలు. చివర్లో స్టెల్లా డాఫొడిల్‌ను వెంటబెట్టుకుని తనే ఎవర్‌డోర్ దగ్గరికి పోతుంది. అందరినీ దాటించిన మనిషిని దాటించేవాళ్లు లేరు. పడవ ఆమే నడుపుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలో ఆట నిర్ణయించదు, మీరే నిర్ణయించుకోవాలి. ఆ ద్వారం దగ్గరిదాకా వెళ్లి పడవ తిప్పుకుని వచ్చి, ఇంకా తోటకు నీళ్లు పోస్తున్నవాళ్లు నాకు తెలుసు.

ఇలాంటివి ఇంకేమన్నా ఉన్నాయా?

2017లో వచ్చిన వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్‌లో ఒక వంశంలో పోయినవాళ్ల గదులన్నీ మూసేసి ఉంటాయి, ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోవాలి. రెండు మూడు గంటల్లో అయిపోతుంది. 2021 నాటి బిఫోర్ యువర్ ఐస్‌ను కెమెరా ముందు కూర్చుని కళ్లతో ఆడతారు. మీరు రెప్ప వేస్తే కథలో కాలం దూకేస్తుంది, ఆపలేరు. దట్ డ్రాగన్, క్యాన్సర్ అనేది తమ చిన్న కొడుకు జబ్బు గురించి తల్లిదండ్రులే చేసిన ఆట, 2016లో వచ్చింది. అది అందరికీ చెప్పను. మనకు బాగా దగ్గరైనది 2023లో వచ్చిన వెన్బా. కెనడాకు వెళ్లిన తమిళ కుటుంబం, తడిసి చిరిగిన అమ్మ వంటల పుస్తకం, అందులో చెరిగిపోయిన వరసలను మనమే ఊహించి వండాలి. ఇడ్లీలతో మొదలవుతుంది. నెల్లూరు వాళ్లకు ఇంకేం కావాలి?

మన వైపు కథతో ఇలాంటి ఆట చేయొచ్చా?

చేయాలి, పడవ కూడా సిద్ధంగా ఉంది. బకింగ్‌హామ్ కాలువ ప్రకాశం, నెల్లూరు తీరం పొడవునా సముద్రానికి సమాంతరంగా మద్రాసు దాకా పోతుంది. 1876-78 కరువులో కూలి పనుల కింద దానిలో ఒక భాగం తవ్వించారు, 1878లో గవర్నరు పేరు పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు తవ్విన కాలువ అది. తర్వాత దాని మీద ఉప్పు, కట్టెలు, ధాన్యం, మనుషులు మద్రాసుకు పోయారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చాక పడవలు తగ్గాయి, తుపాన్లు గట్లు తెంపాయి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయింది, కొన్ని చోట్ల రొయ్యల చెరువులకు పక్కన మురికి నీళ్లుగా మిగిలింది.

ఆ కాలువ మీద ఒక పడవ అనుకోండి. కొత్తపట్నం దగ్గర ఒక ఉప్పు రైతు ఎక్కుతాడు, చీమకుర్తి గనుల్లో పనిచేసినతను ఒకడు, కావలిలో రిటైరైన ఒక టీచరు, కృష్ణపట్నం రేవు రాకముందు అక్కడ వలేసినవాడు ఒకడు. చీమకుర్తి నల్లరాయి విదేశాల్లో సమాధుల మీదికి కూడా పోతుంది. దాన్ని కోసినవాడు తన పేరు ఎక్కడ రాయించుకోవాలనుకుంటాడో అడిగే ఒక సన్నివేశం ఉండాలి. వంటగదిలో పులిబొంగరాలు ఉండాలి. అతుల్ లాంటివాడు కూడా ఒకడుండాలి, తప్పదు.

దీనికి బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు మన పిల్లల్లోనే ఉన్నారు. ముందు కావలసింది ఆ పడవల మీద తిరిగిన ముసలివాళ్ల మాటలు. వాళ్లు ఇంకా కొద్దిమందే మిగిలారు, ఫోన్లో రికార్డు చేసుకోవడానికి ఈ వేసవి దాకా ఆగకండి.

రెండోసారి ఆడితే కథ మారుతుందా?

మారదు. ఎవరినీ ఆపలేరు. బక్ అనే బల్లి ఒక్కడే పోనంటాడు, ఎన్నిసార్లు ఆడినా అతను పడవలోనే ఉంటాడు. మార్చుకోగలిగింది వరస మాత్రమే. రెండోసారి ఆడేవాళ్లు ఆలిస్‌ను తొందరగా ఎక్కించుకోండి. గొర్రెల పని ఆమెతోనే మొదలవుతుంది కాబట్టి ఉన్ని కోసం తర్వాత తడుముకోనక్కర్లేదు.